గుట్టెక్కే పరుగు

వానాకాలం వచ్చిందంటే హైదరాబాదు పేపర్లలో ఒక అంకె తప్పకుండా కనబడుతుంది. హిమాయత్‌సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 1,763.50 అడుగులు. గేట్లు ఎప్పుడెత్తుతారా అని ఎదురుచూసే మూసీ ఒడ్డు జనానికి ఆ అంకె కంఠతా వచ్చు. ఆ జలాశయానికి ఆగ్నేయాన ఉన్న శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తున ఉందన్న సంగతి మాత్రం పైలట్లకు తప్ప ఎవరికీ పెద్దగా పట్టదు. రెండింటికీ తేడా 260 అడుగులు. గోల్కొండ కోట గుట్ట నాలుగు వందల అడుగులంటారు. ఆ లెక్కన హిమాయత్‌సాగర్ నీళ్ళ దగ్గర బయల్దేరి విమానాశ్రయం చేరినవాడు గోల్కొండలో సగానికి పైగా ఎక్కేసినట్టే. కారులో వెళ్తే తెలియదు. బైకు మీదా తెలియదు. తెల్లారగట్ల షూ లేసులు బిగించి పరుగందుకున్నవాడికి మాత్రం రెండు కిలోమీటర్లు దాటేసరికి పిక్కలే చెబుతాయి.

నిజానికి కొండలంటూ చెప్పుకోదగ్గవి లేని నేల ఇది. ఉన్నవి బండలూ గుట్టలూ, వాటి నడుమ చెరువులూ. అయినా ఇక్కణ్నుంచి కొండ పరుగు పోటీలకు బయల్దేరేవాళ్ళు కనబడుతూనే ఉన్నారు. విమానాశ్రయంలో వాళ్ళను గుర్తుపట్టడం తేలిక. అడుగున పళ్ళున్న ట్రయల్ షూ జత చేతిసంచికి వేలాడుతూ ఉంటుంది. బట్టలూ దుప్పట్లూ లగేజీలో వేస్తారు గానీ ఆ జతను మాత్రం వెయ్యరు. పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చినా బట్టలు కొనుక్కోవచ్చు. కాలికి అలవాటైన షూ ఎక్కడ దొరుకుతుంది?

ఈ ఊరికి పరుగు పిచ్చి పట్టి మరీ ఎక్కువ కాలం కాలేదు. హైదరాబాద్ రన్నర్స్ సంఘం 2007లో మొదలైంది, నగర మారథాన్ 2011లో. నెక్లెస్ రోడ్డు దగ్గర హుస్సేన్‌సాగర్ మట్టం నుంచి జూబ్లీహిల్స్ బండల మీదికి ఎక్కించి, గచ్చిబౌలి స్టేడియంలో దించే ఆ దారిలో ఫ్లైఓవర్లే ఫ్లైఓవర్లు. ముంబై, ఢిల్లీ మారథాన్లలో మంచి టైము చూసుకున్నవాళ్ళు కూడా ఇక్కడ నీరసపడిపోతారు. ఎక్కుడంటే ఏమిటో మన పరుగువాళ్ళకు ముందు నేర్పింది ఈ సిమెంటు వంతెనలే. అక్కణ్నుంచి కొందరి చూపు అసలు కొండల మీద పడింది.

వెయ్యి మీటర్ల లెక్క

కొండ పరుగుల్లో శషభిషలు లేని పోటీ ‘వర్టికల్ కిలోమీటర్’. అయిదు కిలోమీటర్లకు మించని దారిలో వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కాలి, అంతే. శంషాబాద్ విమానాశ్రయం ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. దాని ఒక కొసను అలాగే నేలకు ఉంచి, రెండో కొసను వెయ్యి మీటర్ల పైకి లేపారనుకోండి. ఇంచుమించు అదే పోటీ. స్విట్జర్లాండులో ఫుల్లీ అనే ఊళ్ళో ఇంకా ఘోరం. కొండ మీదికి తీగతో లాగే పాత రైలు పట్టాల వెంబడి, రెండు కిలోమీటర్ల లోపే ఆ వెయ్యి మీటర్లూ అయిపోతాయి. మేటివాళ్ళు అరగంట కూడా కాకుండానే పైన తేలతారు.

ఈ సరదా నిన్నమొన్నటిది కాదు. స్కాట్లాండులో బెన్ నెవిస్ కొండను గడియారం పెట్టుకుని ఎక్కి దిగిన మొదటి మనిషిగా చరిత్రకెక్కింది విలియం స్వాన్ అనే క్షురకుడు. 1895లో కింద ఊరి పోస్టాఫీసు దగ్గర బయల్దేరి, శిఖరం తాకి, 2 గంటల 41 నిమిషాల్లో తిరిగొచ్చాడు. అమెరికాలో పైక్స్ పీక్ ఉంది. అడుగునుంచి శిఖరం దాకా 21 కిలోమీటర్ల పైచిలుకు దారి, 7,815 అడుగుల ఎక్కుడు, చివరి గీత 14,115 అడుగుల ఎత్తున. 1959లో అర్లీన్ పీపర్ అనే ఆవిడ ఆ కొండ ఎక్కి దిగే మారథాన్ పూర్తిచేసింది. తొమ్మిదేళ్ళ కూతురు కూడా శిఖరం దాకా వెంట ఎక్కింది. బోస్టన్ మారథాన్ ఆడవాళ్ళకు అధికారికంగా తలుపు తీసింది 1972లో. చదును రోడ్డు మీద ఆడవాళ్ళు అంత దూరం పరుగెత్తలేరని పెద్దమనుషులు వాదించుకుంటున్న రోజుల్లో, కొండ మీద ఆ వాదన ఎప్పుడో తేలిపోయిందన్నమాట.

మన దేశంలో మనవాళ్ళకు దగ్గరగా ఉన్నది మహారాష్ట్రలోని సతారా హాఫ్ మారథాన్. వానాకాలం చివర్లో, యవతేశ్వర్ ఘాట్ ఎక్కి దిగే రోడ్డు పరుగు. 2012లో మొదలై, 2015లో జనసందోహానికి గిన్నిస్ పుస్తకం కూడా ఎక్కింది. కొండ పరుగులో ఓనమాలు దిద్దుకోవడానికి బాగుంటుంది. అసలు పరీక్ష కావాలనేవాళ్ళు లద్దాఖ్ వెళ్తారు. ఆ సంగతి తర్వాత.

నడిస్తే నామోషీ

కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కుడులో చేసే పని ఒకటే. రోడ్డు మీద ఎలా పరుగెత్తారో అలాగే గుట్ట మీదికీ ఉరుకుతారు. మొదటి మూడు నిమిషాలు అందరికంటే ముందుంటారు. ఆ తర్వాత నడుం పట్టుకుని నిలబడతారు. వెనక వచ్చే పాతకాపు ఎవరో ఒకరు పక్కనుంచి పోతూ ఒక మాట వేస్తారు.

“నిలబడకు తమ్మీ, నడువు. ఆగితే మళ్ల మొదలువెట్టుడు కష్టం.”

“నడుస్తే టైం పోతది గదన్నా!”

“ఇప్పుడు ఉరికితే పైన ఊపిరి పోతది. నడువు.”

ఈ మాటకు శాస్త్రం సాక్ష్యం కూడా ఉంది. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో కొండ పరుగువాళ్ళను ఏటవాలు ట్రెడ్‌మిల్ ఎక్కించి, ఎవరు ఎంత శక్తి ఖర్చు పెడుతున్నారో కొలిచారు. వాలు సుమారు పదహారు డిగ్రీలు దాటాక, అదే వేగంతో పైకి పోవడానికి పరుగుకంటే నడకకే తక్కువ శక్తి పడుతుందని తేలింది. అంతకుముందే 2002లో ఇటలీ శాస్త్రవేత్త మినెట్టీ బృందం ఇంకో లెక్క తీసింది. వంద మీటర్లకు నలభై అయిదు మీటర్లు లేచే వాలులో పరుగెత్తితే, చదును మీద పరుగు కంటే అయిదు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. అంత శక్తి ఎవరి ఒంట్లోనూ ఊరికే పడి ఉండదు. అందుకే ప్రపంచస్థాయి పోటీల్లో కూడా నిటారు ముక్క రాగానే పేరుమోసినవాళ్ళంతా నడకలోకి దిగుతారు. చూసేవాళ్ళకు ఇదేం పరుగు పోటీ అనిపిస్తుంది.

ఆ నడకకు ఒక పద్ధతి ఉంది. నడుం దగ్గర విరగకుండా ఒళ్ళంతా కాస్త ముందుకు వాలాలి. రెండు అరచేతులూ మోకాలి చిప్పకు జానెడు పైన, తొడ మీద ఉంటాయి. కుడి కాలు పైకి వేసి దాని మీద బరువు మోపేటప్పుడు కుడి చెయ్యి ఆ తొడను గట్టిగా కిందికి నొక్కుతుంది. తర్వాత ఎడమ. కాలు చేసే పనిలో కొంత భుజం పంచుకుంటుంది. అడుగులు చిన్నవి. చూపు శిఖరం మీద కాదు, నాలుగైదు అడుగుల ముందున్న నేల మీద. ఊపిరి అడుగుతో జత కలవాలి. మాట్లాడితే వాక్యం మధ్యలో తెగుతోందా, సరే. ఒక్క మాటా రావడం లేదా, తగ్గించాలి. గడియారంలో వచ్చే కిలోమీటరుకు ఇన్ని నిమిషాలన్న అంకెను ఎక్కుడులో చూడకపోవడమే మంచిది. దానికి వాలు సంగతి తెలియదు.

మెట్ల దారి చెప్పే పాఠం

ఇదంతా స్విట్జర్లాండు నుంచి రావాలా అని నాకెప్పుడూ ఒక సందేహం. తెలుగువాళ్ళకు తెలిసినంతగా మెట్లెక్కడం ఇంకెవరికి తెలుసు?

అలిపిరి దారి చూడండి. తిరుపతి ఊరు సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తున ఉంటే, కొండ మీద గుడి సుమారు 850 మీటర్ల ఎత్తున. అంటే ఏడు వందల మీటర్ల ఎక్కుడు, తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. వర్టికల్ కిలోమీటరులో ముప్పాతిక వంతుకు కాస్త తక్కువ. దాన్ని ఏ పోటీ నిర్వాహకుడూ గీయలేదు గానీ, గీసినా ఇంత గడుసుగా గీయలేడు. పాదాల మండపం దాటగానే మెట్లు నిటారుగా మొదలవుతాయి. గాలిగోపురం దాకా, అంటే రెండు వేల మెట్ల పైచిలుకు, ఊపిరి సలపనివ్వవు. ఉడుకునెత్తురు కుర్రాళ్ళు రెండేసి మెట్లు దూకుతూ పోయేది ఇక్కడే. గాలిగోపురం తర్వాత దారి మెత్తబడుతుంది. జింకల పార్కు పక్కనుంచి, చెట్ల నీడన, అక్కడక్కడా నాలుగేసి మెట్లతో సాగుతుంది. హమ్మయ్య, అయిపోయిందనుకుంటాం. ఘాట్ రోడ్డు వెంబడి కొంత దూరం నడిచాక, ఒంట్లో ఉన్నదంతా ఖర్చయిపోయిన సమయానికి, మోకాళ్ళ పర్వతం ఎదురొస్తుంది. ఆ మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు గడ్డానికి తగులుతుందా అనిపిస్తుంది. రామానుజులవారు ఈ కొండను పాదంతో తొక్కకూడదని మోకాళ్ళ మీద ఎక్కారని చెబుతారు.

అన్నమయ్య కథ కూడా ఇక్కడిదే. తాళ్ళపాక నుంచి చిన్నతనంలో కొండకు వచ్చి, కాళ్ళకున్న చెప్పులతోనే ఎక్కుతూ, ఆకలీ అలసటా కలిసి మోకాళ్ళ పర్వతం దగ్గర సొమ్మసిల్లి పడిపోయాడట. అలమేలుమంగమ్మ కనిపించి, చెప్పులు విప్పమని చెప్పి, ప్రసాదం పెట్టిందని ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. భక్తులు చదివే తీరు వేరు. దూరం పరుగెత్తేవాళ్ళు మాత్రం ఈ కథ వినగానే చిన్నగా నవ్వుకుంటారు. రక్తంలో చక్కెర పడిపోయి, సరిగ్గా ఆఖరి ఎక్కుడు ముందు కుప్పకూలడమంటే ఏమిటో వాళ్ళకు అనుభవమే. అందుకే ఆకలి వేయకముందే తినాలని, అరగంటకోసారి ఖర్జూరమో బెల్లం ముక్కో నోట్లో వేసుకోవాలని ఒకరికొకరు చెప్పుకుంటారు.

శ్రీవారి మెట్టు దారి ఇంకా పొట్టిది, ఇంకా నిటారు. రెండు కిలోమీటర్ల చిల్లర, 2,388 మెట్లు. ఈ రెండు దారుల్లోనూ టైము చూసుకుంటూ ఎక్కేవాళ్ళున్నారు. నా మట్టుకు నాకు అది నచ్చదు. మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కే అమ్మ ఒకామె ముందు ఉంటుంది. చంటిబిడ్డను భుజాన వేసుకున్న తండ్రి ఉంటాడు. వాళ్ళను తప్పుకోమంటూ పరుగెత్తే హక్కు ఎవరికీ లేదు. పైగా తడి పసుపు మీద షూ జారిందంటే పళ్ళు రాలతాయి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తర్వాత పిల్లలను ఏ వేళ వరకు అనుమతించాలన్నదానికి ఆంక్షలు వచ్చాయి. చీకట్లో ఒంటరిగా ఎక్కడం అక్కడ సాహసం కాదు, తెలివితక్కువతనం.

శంషాబాద్‌కు దగ్గర్లోనే ఇంకో పాఠశాల ఉంది. ఆషాఢంలో గోల్కొండ. బోనాలు ముందుగా మొదలయ్యేది అక్కడే. నెత్తి మీద బోనం, ఉత్త కాళ్ళు, కోట పైనున్న జగదాంబ గుడి దాకా మెట్లు. చుట్టూ తోపులాట, డప్పులు, తడి రాళ్ళు. ఆ తల్లుల నడక గమనించండి. మెడ నిటారు. నడుం కదలదు. అడుగు చిన్నది, పాదం మొత్తం ఆనుతుంది. ఎక్కడా కుదుపు లేదు. కొండ పరుగు కోచ్‌లు నెలల తరబడి బతిమాలి నేర్పే ఒడుపు అదే.

పోటీ సంగతి పక్కన పెడితే, మన గుట్టల సత్తా లోకానికి చాటింది భువనగిరి. నున్నటి ఏకశిల మీద కట్టిన కోట అది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ మలావత్ పూర్ణ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్‌కుమార్, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు, బండ ఎక్కడం నేర్చుకున్నది ఆ రాతి మీదే. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు ఇంకా నిండలేదు. హిమాలయం చూడకముందు వాళ్ళకు కొండంటే భువనగిరే.

చుట్టుపక్కల ఏముంది?

మరి విమానాశ్రయం చుట్టూ ఉన్నవాడు ఎక్కడ సాధన చెయ్యాలి? ఔటర్ రింగు రోడ్డు మీద నడిచేవాళ్ళకు ప్రవేశం లేదు. సర్వీసు రోడ్లున్నాయి. హిమాయత్‌సాగర్ వైపు పొద్దున్నే బాగానే ఉంటుంది గానీ, కార్ల భయం పోదు. 2023 జూలైలో బండ్లగూడ జాగీర్ వైపు ఉదయపు నడకకు వెళ్ళిన తల్లీకూతుళ్ళను కారు గుద్ది చంపేసింది. అప్పటినుంచీ రోడ్డు వదిలి బండల మీదికి వెళ్ళడమే మేలనేవాళ్ళు పెరిగారు.

బండలు ఇక్కడ కొదవా? పహాడీ షరీఫ్‌లో బాబా షర్ఫుద్దీన్ దర్గా గుట్ట మీదే ఉంది. అయితే అదీ మొక్కుకునేవాళ్ళ మెట్ల దారే, అక్కడా మర్యాద తప్పకూడదు. గగన్‌పహాడ్ నుంచి అమ్మపల్లి దాకా ఎటు చూసినా రాయే, రాళ్ళ సందుల్లో సీతాఫలం పొదలు. ఈ గ్రానైటు వయసు రెండున్నర వందల కోట్ల ఏళ్ళు. హిమాలయం దీని ముందు నిన్న పుట్టింది. పొరలు పొరలుగా విచ్చుకుని, నున్నగా, గుండ్రంగా ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు షూను అయస్కాంతంలా పట్టుకుంటుంది. దాని మీద పలచగా మొరం పరుచుకుని ఉంటే మాత్రం కాలు నిలవదు. వానలో నాచు పట్టిన నల్లచారల జోలికి పోకూడదు, ఆ చారలు నీళ్ళు జారే దారులు. ఎండాకాలం తొమ్మిది దాటితే బండ కాలిపోతుంది. కొలత కావాలంటే, ముప్ఫై మీటర్ల చిన్న గుట్టను ముప్ఫై నాలుగుసార్లు ఎక్కితే వర్టికల్ కిలోమీటర్ పూర్తవుతుంది. విసుగు పుట్టించే పని. ఆ విసుగును ఓర్చుకోవడమే సాధనలో సగం.

గుట్ట లేనివాడికి అపార్ట్‌మెంట్ ఉంది. ముప్ఫై అంతస్తుల భవనం సుమారు తొంభై మీటర్లు. మెట్లెక్కి పైకి, లిఫ్టులో కిందికి. పదకొండుసార్లు ఎక్కితే వెయ్యి మీటర్లకు పది తక్కువ. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, అంతకుమించి నష్టం లేదు. ఆదివారం కారుంటే వికారాబాద్ అనంతగిరి. మూసీ పుట్టేది ఆ అడవిలోనే. ఎర్రమట్టి దారులు, నీడ, ఒకదాని వెంట ఒకటిగా ఎత్తుపల్లాలు. రోడ్డుకు అలవాటుపడ్డ చీలమండలకు ఎగుడుదిగుడు నేల తెలిసొచ్చేది అక్కడే.

చెప్పక తప్పని ఇంకో సంగతి. ఈ గుట్టలు ఉంటాయన్న భరోసా లేదు. 1996లోనే రాళ్ళను కాపాడుకుందామంటూ హైదరాబాదులో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పుట్టింది. ఖాజాగూడ లాంటివి ఆ మాత్రమైనా మిగిలాయంటే అలాంటివాళ్ళ పోరు పుణ్యమే. విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకున్నాక శంషాబాద్ వైపు భూమికి వచ్చిన ధర సంగతి అందరికీ తెలిసిందే. ప్లాటు చదును కావాలంటే గుట్ట పోవాలి. వెంచర్ బ్రోచర్లలో చెట్టు బొమ్మ ఉంటుంది, ఈతకొలను బొమ్మ ఉంటుంది. బండ బొమ్మ ఎక్కడైనా చూశారా?

పైన గాలి తక్కువ, కింద బండి తక్కువ

ఇక లద్దాఖ్. ఖర్దుంగ్‌లా ఛాలెంజ్ అంటే 72 కిలోమీటర్లు, ఖర్దుంగ్ ఊరి నుంచి 5,370 మీటర్ల కనుమ ఎక్కి లేహ్‌లో దిగాలి. శంషాబాద్ ఎత్తు 617 మీటర్లు. సాయంత్రం ఇక్కడ విమానమెక్కి, ఢిల్లీలో మారి, తెల్లారి లేహ్‌లో దిగితే 3,500 మీటర్లు. కాళ్ళు ఎంత గట్టివైనా రక్తానికి ఆ సంగతి తెలియడానికి రోజులు పడుతుంది. కనుమ మీద ప్రతి ఊపిరికీ అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదాంట్లో దాదాపు సగం. అందుకే చాలా రోజుల ముందే లేహ్ చేరుకొమ్మని నిర్వాహకులు పట్టుబడతారు. సెలవు దొరకలేదని రెండు రోజుల ముందు వెళ్ళి పరుగెత్తుదామనుకునే ఐటీ ఉద్యోగికి ఒకటే మాట: ఆ ఏడు మానుకోండి. తలనొప్పి, వాంతులతో మొదలై ఊపిరితిత్తుల్లో నీరు చేరేదాకా పోయే జబ్బు అది. కుర్రతనం చూసి వదలదు.

ఎక్కుడుతోనే ముగిసిపోయే పోటీలో ఒక సుఖముంది. మర్నాడు కాళ్ళు అంతగా పట్టేయవు. ఒంటిని కుళ్ళబొడిచేది దిగుడు. కిందికి దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి, బ్రేకు పట్టిన బండిలాగా. కండరం లోపల సన్నటి చిరుగులు పడేది అప్పుడే. తిరుమలలో కాలినడకన ఎక్కిన జనం దిగేటప్పుడు బస్సెక్కడం బద్ధకం కాదు, మోకాళ్ళ లౌక్యం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగేవాళ్ళకే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, నలభై దాటి కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు డాక్టరుకు చూపించుకుని, గుండె సంగతి తేల్చుకుని, ఇలాంటి ఎక్కుడు పోటీతోనే మొదలుపెట్టడం నయం.

పోటీకి పేరిచ్చే ముందు వివరాల్లో రెండు అంకెలు వెతుక్కోవాలి. ఎన్ని మీటర్లు ఎక్కాలన్నది ఒకటి, శిఖరం నుంచి కిందికి తెచ్చే బండి ఎన్నింటికన్నది రెండోది. మొదటిది అందరూ చూస్తారు. చెమటతో తడిసిన బనీను మీద కొండగాలి కొడుతుంటే, స్వెట్టరున్న సంచీ కిందనే ఉండిపోయిందని గుర్తొచ్చినప్పుడు గానీ రెండోది ఎవరూ అడగరు.